ఎర్ర పురుగులు, అవ్వ తంగేడు

నిజామాబాద్ శివారులో, రోడ్డు పక్క వయ్యారిభామ మొక్క మీద దొరికిన పిల్ల పురుగు ఒకటి నా వేళ్లకు వాసన అంటించింది. పచ్చి కొత్తిమీర నలిపి, అందులో కాస్త కిరసనాయిలు కలిపినట్టుండే వాసన. పంటల మీది పురుగులను లెక్కపెట్టడమే ఇప్పుడు నా ఉద్యోగం. అయినా ఆ వాసన వస్తే కోటగిరిలో మా అవ్వ పొలం గుర్తుకొస్తుంది.

వానలు తగ్గి కాలువ కట్ట మీద బురద ఆరుతుండేది. చెరకు ఆకులకు కోసుకుపోయిన మోచేతులు మండుతుంటే, నేనూ అక్కా కాల్చిన మక్కకంకులు తింటూ ఆ కట్ట మీద తిరిగేవాళ్లం. అక్కడొక తంగేడు పొద ఉండేది. బతుకమ్మ పండుగకు మా వాడకట్టు మొత్తానికి తంగేడు పువ్వు అవ్వే పంచేది. అందుకే దాని మీద ఎవరినీ కత్తి పెట్టనిచ్చేది కాదు.

నాకు ఏడేళ్లప్పుడు, పొద మొగ్గ తొడిగాక, దాని మీద ఎర్ర ఒళ్లు, నల్ల తల ఉన్న పురుగులు కనిపించాయి. రెక్కలింకా రాలేదు. పువ్వు తినడానికే వచ్చాయనుకొని, నలభై మూడింటిని ఏరి కిరసనాయిలు డబ్బాలో వేశాను. ఆకు రంగులో కలిసిపోయిన గొంగళి పురుగులను అసలు చూడనే లేదు.

పండుగ నాటికి పొదకు పుల్లలే మిగిలాయి.

"ఏం జేసినవ్ రా?" అంది అవ్వ.

"ఎర్ర పురుగులు ఏరిన అవ్వా, నీ పువ్వు కోసమే."

"గవి ఆకు తినయి బిడ్డా. ఆకు తినేటి వాటిని తింటయి. పోలీసోళ్లను సంపి దొంగలకు తలుపు తీసినవ్."

"ఊకో అవ్వా, సదువుకున్నోడు గద," అని అక్క నవ్వింది.

ఎప్పుడూ పంచే అవ్వ, ఆ ఏడు పక్కింటి గడపలో కొంగు పట్టి నిలబడింది. దోసెడు తంగేడు దొరికింది. దాన్ని బతుకమ్మ అడుగు వరుసలో పేర్చి, మిగతాదంతా గునుగు పువ్వుతో నింపింది.

ఏ పురుగుకు ఏ ముక్కు, అంటే పొడిచి పీల్చే గొట్టం, ఉంటుందో కాలేజీలో తెలిసింది. మొక్క రసం పీల్చేదానికి ముక్కు సన్నగా ఉండి, కాళ్ల నడుమ పొట్టకు అతుక్కుని ఉంటుంది. వేటాడేదానికి లావుగా ఉండి ముందుకు లేస్తుంది. పిల్లదశలో రంగును నమ్మకూడదు, ముక్కునే చూడాలి.

కాలువకు సిమెంటు వేసినప్పుడు ఆ పొద పోయింది. అవ్వ కూడా లేదు. తంగేడు ఇప్పుడు బజారులో కొంటున్నాం.

రోడ్డు పక్క దొరికిన పురుగును భూతద్దం కింద తిప్పి చూశాను. ముక్కు లావుగానే ఉంది. దాన్ని తిరిగి అదే ఆకు మీద వదిలాను. చుట్టుపక్కల ఆకులు ఎత్తి వెతికి, ఒక గొంగళి పురుగు కనబడ్డాకే అక్కడి నుంచి లేచాను.