మొదటి ముక్క ఎవరిది?

నాకు నోటి దూల ఎక్కువ. పత్తర్‌గట్టి వెనక సందులోని ఒక చిన్న ఆసుపత్రిలో, ఉద్యోగంలో నా మొదటి పనినాడే అది బయటపడింది.

అక్కడి కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కిక్కిరిసి ఉండేవి. బిల్లింగ్‌లో ఒకటి మొరాయిస్తే ల్యాబ్ రిపోర్టులు కూడా ఆగిపోయేవి. ఆ నెట్‌వర్క్‌ను ఎనిమిది సమాన ముక్కలు చేసి, ఉన్న ఆరు విభాగాలకు ఒక్కోటి ఇవ్వడం నా పని. ముక్కల మధ్య రాకపోకలు నడిపించేది మూలనున్న పాత రౌటర్. దాన్ని చూసుకునేది చాచా. అరవై దాటిన మనిషి, రోజూ మెత్తటి గుడ్డతో దాని దుమ్ము తుడిచేవాడు.

లెక్కంతా కాగితం మీద వేసుకొని మొదటి ముక్క ల్యాబ్‌కు రాశాను. ఆ అడ్రసు కొట్టానో లేదో, రౌటర్ తప్పు అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పే. గంట గడిచింది. మేనేజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. చున్నీ సర్దుకున్నాను.

"ఈ డబ్బా ఖరాబైంది సార్," అనేశాను.

"అయితే తుక్కుల ఏసెయ్యండ్రి. చాచా, ఇగ మీకు గూడ ఈడేం పనుంటది? నెలాఖరు నుంచి ఇంట్ల ఆరాంగ కూసోండ్రి."

చాచా నా కాగితం వైపు ఒక్కసారి చూశాడు. "పాతది గద సార్, గట్లనే సతాయిస్తది," అని ఊరుకున్నాడు.

మధ్యాహ్నం తిండికి కూర్చున్నాం. చాచా టిఫిన్ డబ్బా విప్పి, పైనున్న రొట్టె తీసి కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. గేటు దగ్గర కూర్చునే ముసలామెకట. రోజూ అంతేనట.

"మొదటిది మనది కాదు బేటా. మన రౌటర్‌ది గూడ గదే రివాజు. మొదటి ముక్క ఎవ్వరికీ ఇయ్యనియ్యదు. కొత్తవాటికి గా ఫికర్ లేదు, ఇది పాతకాలంది. రెండోదాన్నుంచి ఇచ్చి చూడు."

ఓరి దేవుడా! పొద్దుటినుంచీ తెలుసా ఈయనకు? చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా వెళ్ళి ల్యాబ్‌ను రెండో ముక్కకు మార్చాను. రిపోర్టు ఠక్కున డాక్టరు గదిలో తెరుచుకుంది. అటునుంచటే మేనేజర్ దగ్గరికి పోయాను.

"తప్పు రౌటర్‌ది కాదు సార్, నాది. చాచా చెప్తేనే తెలిసింది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే, రెండూ ఉండనియ్యి," అన్నాడు. రెండూ అంటే రౌటరూ, చాచా.

తిరిగొచ్చి సంగతి చెప్తే చాచా నా మీదే కోప్పడ్డాడు. "ఎందుకు చెప్పినవ్? నీ పరువు నువ్వే తీస్కుంటివి."

"నీ నౌకరీ పోతుండె గద చాచా! పొద్దున సార్ ముంగట ఎందుకు చెప్పలే?"

రొట్టె పొట్లం తీసుకొని గేటు వైపు నడుస్తూ అన్నాడు. "నాది పోతే ఇంట్ల కూసుంట. నీకిది మొదటి పని బేటా."

చున్నీ అడ్డం పెట్టుకొని, ఆ రౌటర్ తీగల మధ్యే ఏడ్చేశాను.