తెప్ప మీద నా బరువు

మా ఇంట్లో నిలువుటద్దం లేదు. ఒళ్ళు ఎంత మారిందో చూసుకోవాలంటే శామీర్‌పేట చెరువు గట్టు మీద చేపలు తూచే కాంటా ఎక్కాల్సిందే. గంపలు దించాక దాని మీద నిలబడి ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకోవడం మా వాళ్ళందరికీ సరదా. 2011లో హార్మోన్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకు నేనూ ఎక్కాను. ముల్లు పాత చోట ఆగకుండా ముందుకు పోయింది. పక్కనే ఉన్న మా వరస బావ ఒకడు నా నడుము కింద చూపు పెట్టి, “గీ బొచ్చె శాప కిలో ఎంతకిస్తరే?” అన్నాడు. గట్టంతా నవ్వింది.

“నీకు గది అందదు గానీ, పో, ఎండుశాపలు కొనుక్కో” అన్నాను. ఈసారి వాడిని చూసి నవ్వారు.

మాది చేపలు పట్టే ఇల్లు. పుట్టినప్పుడు నన్ను మగపిల్లాడన్నారు. ఆ లెక్కనే పదేళ్ళకు నాయిన నన్ను తెప్ప ఎక్కించాడు. మా తెప్పలంటే థర్మాకోల్ దిమ్మెలను సంచుల్లో కుట్టి, తాళ్ళతో బిగించి కట్టినవి. ఒక మనిషికీ ఒక వలకీ చోటుంటుంది. చిన్న చెక్కతో నీళ్ళు తోసుకుంటూ పోవాలి. మా గుంపులో మగవాళ్ళు నీళ్ళలోకి పోతారు, ఆడవాళ్ళు గట్టు మీద గంపల దగ్గర కూర్చుని అమ్ముతారు. తుర్కపల్లి కంపెనీల క్యాబులు సాయంత్రం ఆగేది వాళ్ళ దగ్గరే. మా అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ రోజూ చెరువుకు వచ్చేది, ఒక్కసారి కూడా తెప్ప ఎక్కలేదు. ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఎక్కలేదు, అంతే.

నేను ఆడదాన్నని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నీళ్ళు నావని కూడా అప్పటి నుంచే తెలుసు. ఈ రెంటిలో ఒకటి వదులుకోమని ఎవరైనా అడుగుతారని మాత్రం అనుకోలేదు.

సికింద్రాబాద్‌లో నేను చూపించుకున్న డాక్టరమ్మ మొదటి రోజే అన్నీ విప్పి చెప్పింది. కొత్తగా పట్టే కొవ్వు తుంటికీ తొడలకూ చేరుతుందని, బరువు పెరగొచ్చని, కండ కరిగి చేతుల్లో బలం తగ్గుతుందని చెప్పింది. ఎముకలు మాత్రం మారవు. ఈ మార్పంతా పూర్తవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. “కొవ్వు ఎక్కడికి పోవాలో నువ్వు చెప్తే వినదు, నేను చెప్పినా వినదు” అని నవ్వింది. ఆమె మాట నిజమే అయింది. బుగ్గలు నిండాయి. తొడలు ఒరుసుకోవడం మొదలైంది. పాత ప్యాంట్లు నడుము దగ్గర బాగానే ఉండి, తుంటి దగ్గర పట్టేసేవి. పొట్ట మాత్రం ఎక్కడికీ కదల్లేదు. అది మా నాయిన పొట్ట, ఏ మాత్రకూ లొంగే రకం కాదు. కొత్తగా పెరుగుతున్న ఛాతీ సలపరం వేరే. తెప్ప అంచు మీద బోర్లా వాలి వల అందుకోబోతే ప్రాణం పోయినట్టుండేది.

అయినా సంతోషంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు? స్నానం చేస్తూ తుంటి మీద చెయ్యి వేసుకుని, ఇది నాది, నేను అడిగి తెచ్చుకున్నది అనుకునేదాన్ని. ఇంట్లో వాళ్ళు “ఒళ్ళు చేసినవ్, అన్నం తగ్గియ్యి” అంటే ఇంకో ముద్ద ఎక్కువే తినేదాన్ని.

చేతుల సంగతి మాత్రం దాగలేదు. తడిసిన వల బరువు ఏమిటో పట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఇంతకుముందు మోకాళ్ళ మీద కూర్చుని దమ్ము తీసుకోకుండా లాగేసేదాన్ని. ఇప్పుడు నాలుగు బారలు లాగితే భుజాలు వణికేవి. 2013 ఎండాకాలంలో ఒకరోజు వల నిండా రవ్వ చేపలు పడ్డాయి. లాగలేక, పెద్దనాయిన కొడుకును కేకేసి సాయం అడిగాను.

పెద్దనాయిన అంటే మా నాయినకు అన్న, గుంపుకు పెద్ద. గట్టు మీద నిలబడి అంతా చూశాడు. నేను ఒడ్డుకు రాగానే అందరి ముందూ అందుకున్నాడు.

“అరేయ్, ఇగ నీతోటి గాదు. నీ రెట్టలల్ల బలం పోయింది. ఆడిదాన్నంటున్నవ్ గదా, పోయి మీ అమ్మ పక్కన గంప కాడ కూసో. వల నా కొడుకుకియ్యి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా ఆ నోటితోనే నన్ను మగాడివి, మగాడివి అని సతాయించిన మనిషి. ఇప్పుడు వల లాక్కోవడానికి ఆడదాన్నయ్యాను.

“అయితే నన్ను ఆడిదాన్నని ఒప్పుకున్నవ్. గింతమంది ముంగట అన్నవ్, యాదుంచుకో పెద్దనాయినా. వల మాత్రం ఇయ్య” అన్నాను.

అంతలో అమ్మ గంప పక్కన గోనెపట్టా దులిపి పరిచింది. “రా, నా పక్కన కూసో. నీడకుంటవ్. బేరం జేసుడు నేను నేర్పిస్త.” ప్రేమగానే పిలిచింది. ఆడవాళ్ళ మధ్య చోటిచ్చి పిలవడం అదే మొదలు. ఆ పిలుపు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. కానీ వల వదిలేసి వస్తేనే ఆ చోటు నాది. కూర్చోలేదు.

ఇంటికొచ్చాక కూడా లొల్లి ఆగలేదు. వల మా నాయినది. మోకాళ్ళు అరిగి ఆయన రెండేళ్ళుగా నీళ్ళలోకి పోవడం లేదు. పెద్దనాయిన ఒకవైపు, నేను ఒకవైపు అరుస్తుంటే నాయిన విసుక్కున్నాడు. “మీ లొల్లి బందు జెయ్యుండ్రి. వల నాది. పొద్దుగాల ఎవలు ముందుగాల లేస్తే వాళ్ళు తీస్కపోండ్రి.”

పెద్దనాయిన కొడుకు ఎండ మొహాన పడితే గాని లేవడని ఊరందరికీ తెలుసు. నాయినకు ఇంకా బాగా తెలుసు.

తెల్లారేసరికి నేను చెరువులో ఉన్నాను. వల ఎత్తే వేళకు గట్టు మీద జనం చేరారు, పెద్దనాయిన కూడా వచ్చాడు. పాత పద్ధతిలో లాగితే పరువు పోతుందని తెలుసు. అందుకే మోకాళ్ళ మీద కాకుండా చతికిలబడి కూర్చున్నాను. కాళ్ళు తెప్ప ముందువైపు కట్టిన తాడుకు తన్నిపెట్టి, వల అంచు పట్టుకుని, చేతులతో కాక ఒళ్ళంతటితో వెనక్కి వాలాను. తెప్ప వల వైపు జరిగింది. ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ వాలాను. ఇదివరకు ఊగిపోయే తెప్ప ఇప్పుడు నా కింద కుదురుగా ఉంది. కాంటా మీద నవ్వులపాలైన బరువంతా అడుగున కూర్చుని తెప్పను పట్టుకుంది. అందరి తెప్పలూ ఒడ్డు చేరాక నాది చేరింది. ఆలస్యమైంది. అయితే ఏమిటి? వలలో ఒక్క చేప కూడా జారిపోలేదు.

పెద్దనాయిన వల వైపు చూసి, “గింతసేపు ఎవలు జేస్తరు?” అన్నాడు.

“నేను జేస్త. రేపు గూడ జేస్త” అన్నాను.

అమ్మ చేపలు గంపలోకి దించుకుంది. దించుకుని వెళ్ళిపోకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చింది. తెప్ప అంచు పట్టుకుని ఊపి చూసింది.

“ఇది మునుగతదా?” అంది.

“నన్ను మోస్తలేదా?”

“అయితే జరుగు బిడ్డా. ఇన్నేండ్ల సంది చూసుడే అయింది. నన్ను గూడ ఒకసారి లోపటికి తీస్కపో.”

పెద్దనాయిన గట్టు మీంచి “ఓ మరదలా, యాడికి?” అని కేకేశాడు. అమ్మ వెనక్కి చూడలేదు. నా భుజం పట్టుకుని ఎక్కి, నా వెనక ఒదిగి కూర్చుంది. అమ్మ కూడా బాగా ఒళ్ళున్న మనిషి. ఇద్దరు ఆడవాళ్ళ బరువుకు తెప్ప జానెడు కిందికి దిగింది. మునగలేదు.