సి-షిఫ్ట్ వారాలు

మా నాన్న స్టీలు ప్లాంటులో, మిల్లు దగ్గర పని చేసేవాడు. సి-షిఫ్ట్ అంటే రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఆ వారం వచ్చిందంటే మా ఇంట్లో మాటలు బందు. విజిల్ వేస్తుందని అమ్మ కుక్కర్ని అటకెక్కించి, గంజి వార్చి అన్నం వండేది. గుమ్మం గొళ్ళానికి పాత జాకెట్టు గుడ్డ చుట్టేది. నేను బడి నుంచి రాగానే మెట్ల దగ్గరే చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద వంటింట్లోకి వెళ్ళాలి. ఆకలేస్తే పొట్ట మీద చెయ్యి, దాహమేస్తే నోటి దగ్గర బొటనవేలు. నాకు అక్షరాలకన్నా ముందు ఆ సైగలొచ్చాయి.

దీనికంతటికీ ఒక రోజు కారణం. నాకు నాలుగేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం గరిటెతో స్టీలు పళ్ళెం మీద వాయించాను. నాన్న లేచొచ్చి, పళ్ళెం లాక్కుని వీధిలోకి విసిరేసి, అమ్మని నోటికొచ్చినట్టు తిట్టాడు. నాకు బాగా గుర్తున్నది ఆ తిట్లు కాదు, ఆ వెంటనే నా నోటిని మూసేసిన అమ్మ చెయ్యి. ఉల్లిపాయ వాసన వేసింది. "సప్పుడు సెయ్యకమ్మా, నాన్న తొంగున్నారు," అంది చెవిలో. తర్వాత పదేళ్ళూ అదే మాట.

చుట్టుపక్కలవాళ్ళు తెగ మెచ్చుకునేవారు. "ఇంట్లో పిల్లున్నట్టే తెల్దు. ఎంత బుద్దిమంతురాలో!" అనేది పక్కింటావిడ, అల్లరి చేసే తన పిల్లలకు నన్ను చూపించి. నేను ఉన్నట్టు తెలియకపోవడమే నాలో గొప్ప అయిపోయింది. చిన్నపిల్లని కదా, ఆ మెప్పు కోసం ఇంకా ముడుచుకున్నాను. మొదట్లో సి-షిఫ్ట్ వారాల్లోనే నోరు మూసుకునేదాన్ని. పోనుపోను ఏ-షిఫ్టూ లేదు, బీ-షిఫ్టూ లేదు, అన్ని వారాలూ ఒకటే అయ్యాయి. బళ్ళో కూడా అంతే. ప్రోగ్రెస్ కార్డులో "నెమ్మదైన పిల్ల" అని టీచరు రాస్తే అమ్మ దాన్ని వీధి వీధంతా తిప్పి చూపించింది. మార్కుల సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు. లెక్కల్లో క్లాసుకి ఫస్టు వచ్చేదాన్ని నేను.

పదో తరగతి అర్ధ సంవత్సరం లెక్కల పరీక్షలో నా పక్క పిల్ల నా పేపరు చూసి రాసింది. రెండు పేపర్లలో ఒకే కొట్టివేతలు. హెడ్మాస్టరు గదిలో నిలబెట్టి, ఎవరు ఎవరిది చూశారని అడిగారు. ఆ పిల్ల ఏడుస్తూ నా వైపు వేలు చూపించింది. నా దగ్గర జవాబు ఉంది. ఆ లెక్క బోర్డు మీద మళ్ళీ చేసి చూపించగలను, ఆ పిల్ల చెయ్యలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు నాకు ఉల్లిపాయ వాసన వేసింది. నిజంగా వేసింది, ఆ గదిలో. తల దించుకున్నాను. పిలిపిస్తే అమ్మ వచ్చి, "మా పిల్ల నోరెత్తదండి, బంగారం," అంది, అదే నాకు సాక్ష్యం అన్నట్టు.

నన్ను ఫస్ట్ సెక్షన్ నుంచి తీసి, గట్టెక్కితే చాలనుకునే సెక్షన్లో వేశారు. దువ్వాడ కాలేజీలో ఇంజనీరింగు చదవాలన్న నా ఆశ అక్కడితో సరి.

ఆ సాయంత్రం నాన్నకి చెప్పింది అమ్మే. నాన్న నా వైపు చూసి, "నోట్లో నాలిక లేదేటే నీకు? నాను సూడ్లేదని సెప్పడానికేటైంది?" అన్నాడు. కోపం వచ్చింది నాకు. ఎవరి నిద్ర కోసం ఆ నాలిక పోయిందో ఆయనే అడుగుతున్నాడు. ఆ కోపం కూడా లోపలే ఉంచుకున్నాను.

ఇప్పుడు గోపాలపట్నంలో ఒక ల్యాబులో రక్తం తీస్తాను. చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, అయిపోయింది. రోజుకి ఆ మూడు ముక్కలు వస్తే చాలు. వెతికి వెతికి నాకు సరిపోయే ఉద్యోగంలోనే చేరాను.

నాన్న రిటైరయ్యాడు. అమ్మా నాన్నా మా ఇంట్లోనే ఉంటున్నారు. నేను మాట్లాడితే, "గట్టిగా మాట్లాడొచ్చు కదా, ఏటా గొణుగుడు?" అని నన్నే విసుక్కుంటాడు. ఈమధ్య చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్ష చేసి, "ఇది ఇవాళ్టిది కాదండీ. మిల్లు మోతకి వయసులో ఉన్నప్పుడే మొదలై ఉంటుంది," అన్నాడాయన, గట్టిగా అరుస్తూ.

నాన్న నవ్వాడు. "అవునండీ. డ్యూటీ నుంచొచ్చి తొంగున్నానంటే, నెత్తి మీద డప్పు కొట్టినా తెలిసేది కాదు."

అమ్మ ఆయన చెవి దగ్గరకి వంగింది. "మరి ఆరోజు పళ్ళెం సప్పుడికి లేచారు కదా?"

ఏ పళ్ళెమో ఆయనకి ముందు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, "ఆరోజు పన్ను నొప్పే. నిద్రే పట్టలేదు. తర్వాత పీకించీసేను కదా," అన్నాడు.

అమ్మ ఆటోలో ఇంటిదాకా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నాకు ఆవిడ మీద జాలి రాలేదు. రావాలేమో. ఒక్క పంటి నొప్పికి నా నోరు నొక్కేశారు ఇద్దరూ కలిసి. ఒకరు మర్చిపోయి, ఒకరు గుర్తుపెట్టుకుని.

ఇంటికొచ్చాక నాన్న భోంచేసి హాల్లో మంచం మీద నిద్రపోయాడు. నాలుగింటికి నా కూతురు బడి నుంచి వచ్చింది. రెండో క్లాసు. ఆయనకి వినపడదు, పొద్దున్నే డాక్టరు చెప్పాడు. ఈరోజు దాన్ని అరవనిద్దాం, పాడనిద్దాం, కావాలంటే పళ్ళెం నేనే ఇద్దాం అనుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

అది మెట్ల దగ్గర ఆగి మంచం వైపు చూసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. మునివేళ్ళ మీద నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళి, పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది.