గుల్ల మూత

మొన్న మా ఆయన కొత్త బీరువా తెప్పించాడు, వడ్రంగం చేసే పెళ్లాం ఇంట్లో ఉండగానే. అలవాటుగా తలుపు మీద వేలి కణుపుతో కొట్టాను. గుల్లగా మోగింది. పైన నిగనిగ, లోపల పొట్టు అతికించిన అట్ట. ఆ చప్పుడుకు నా ఒళ్లు మండింది. సామేలు కాక పోయి ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

తెలంగాణ రాకముందు, గోదావరిఖనిలో కాక క్వార్టర్ మా పక్కదే. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. వాళ్ల చర్చిలో ఎవరు పోయినా శవపెట్టె ఊరికే చేసిచ్చేవాడు. డిగ్రీ తప్పి ఇంట్లో మాటలు పడుతున్న నేను ఒకరోజు ఆయన రేకుల షెడ్డుకు పోయి, పీట చేయడం నేర్పమన్నాను.

"పీట ఎందుకు బిడ్డా? పెట్టెతోని మొదలువెట్టు. వంకర పోయినా అడిగేటోడు ఉండడు," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆడపిల్ల శవపెట్టెలు చేసుడేంది? రేపు నిన్ను ఎవడు చేసుకుంటడు?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. అయినా పోయాను. చాలాకాలం చెక్క నున్నగా అయ్యేదాకా రందా పట్టడమే పని, అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి నేను చేసిన మొదటి మూత ఒకచోట సరిగ్గా కూర్చోలేదు. సందులో లప్పం కూరి నున్నగా రుద్దాను. కాక ఇనుప కడ్డీతో మూతంతా తట్టుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగాడు.

"విన్నవా? గుల్లగ మోగుతాంది. బాయిల గిట్ల మోగితే ఆడ నిలబడం."

"మట్టిల పెట్టేదే గద కాకా, ఎవరు చూస్తరు?"

"కిందికి పోయెటోనికి పైకప్పే ముఖ్యం. ఇప్పు."

ఏడుస్తూ విప్పాను. అప్పుడు చెప్పాడు. ఆయన తమ్ముడు పనిచేసే చోట కప్పు గుల్లగా మోగిందట. ఈయన చెప్తే పైఅధికారి వినలేదు, జల్ది కానియ్యమన్నాడు. కప్పు కూలింది. తమ్ముడికి తెచ్చిన పెట్టె పొట్టిదైతే మోకాళ్లు మడిచి పెట్టారు. ఆ తర్వాతే కాక పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు.

షెడ్డు మూలన నల్లమద్ది పలకలు దాచి ఉండేవి. నాతోనే వాటికి రందా పట్టించాడు. "ఇవి నాయి. కాళ్లు సాపుకొని పండాలె. నువ్వే చెయ్యాలె బిడ్డా," అన్నాడు. సరేనన్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదే ఆయన పోయాడు. ఉలి, సుత్తి పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే కొడుకులు పట్నం నుంచి ఇత్తడి పిడుల పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టారు. కాక పలకలు దాచుకున్న సంగతి పెద్ద కొడుక్కి చెప్పాను.

"పదిమంది వస్తరు, ఇజ్జత్ ఉండాలె గద చెల్లె. నువ్వు పోయి ఆడోళ్లల్ల కూసో," అన్నాడు.

మూత మీద తట్టాను. గుల్ల! అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. షెడ్డులోకి పోతే మూల ఖాళీగా ఉంది. వెనక చుట్టాలకు అన్నం ఉడుకుతోంది. గుండిగ కింద మండుతున్నవి ఆ నల్లమద్ది పలకలే. నేను రందా పట్టిన నునుపు ఇంకా కాలని కొసల మీద కనిపిస్తోంది. విస్తరి ముందు కూర్చోబెట్టారు. ముట్టకుండా లేచి వచ్చేశాను.

ఇప్పటికీ ఎవరికి పెట్టె చేసినా ఇనుప కడ్డీతో మూతంతా తట్టి చూస్తాను. ఒక్కటి కూడా గుల్లగా మోగనివ్వలేదు. బతుకంతా కప్పు మోత విన్న ఆయన మాత్రం గుల్ల మూత కిందే పడుకున్నాడు.