క్లెమ్ హారప్ ఎక్కని నిచ్చెన

క్లెమ్ హారప్, కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇళ్లను నిలుపుకునే మా వారక్‌బీల్ కారవాన్ పార్కులో పదకొండేళ్లు కాపురమున్నాడు. అన్నేళ్లలో దేవుడి గురించి ఆయన ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. ఎత్తు గురించి మాత్రం రోజూ మాట్లాడేవాడు.

సాయంత్రం అయిదయ్యేసరికి మడతకుర్చీలు గుండ్రంగా వేసుకుని, తలా ఒక బీరు డబ్బా పట్టుకుని, కొత్తగా దిగినవాళ్ల బండ్ల గుణగణాలు విచారించడం మా పార్కు ఆచారం. కొత్తవాడు కూర్చున్న పది నిమిషాలకు క్లెమ్ అందుకునేవాడు.

“నీ బండి ఎత్తెంత?”

“రెండూ ముప్పావు మీటర్లు ఉంటుంది.”

“ఉంటుందా, ఉందా?”

“కంపెనీవాడి పుస్తకంలో ఉందిగా.”

“పుస్తకం రాసినవాడు నీ బండి నెత్తిన ఏసీ పెట్టాడా? నువ్వు పెట్టుకున్నావు. నీ నెత్తికి వాడెందుకు జవాబు చెబుతాడోయ్?”

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వచ్చేది. గట్టి నేల మీద బండిని నిలబెట్టించి, కప్పు మీద అన్నిటికన్నా ఎత్తయిన దానిపై పొడవాటి అల్యూమినియం పట్టీని మట్టంగా పెట్టి, బయటికి పొడుచుకొచ్చిన కొస నుంచి నేల దాకా టేపు దించేవాడు. వచ్చిన అంకెను చీటీ మీద రాసి, డ్రైవరు కళ్లెదుట ఎండకు దించుకునే పలకకు అంటించేవాడు. ఇదంతా కుంభాభిషేకమంత నిష్ఠగా జరిగేది. నవ్వినవాళ్లున్నారు. చీటీ పీకేసినవాడు మాత్రం లేడు.

“పెళ్లికి ముందు నన్నూ కొలిచే ఉంటాడు,” అనేది ఆయన భార్య నోలీన్. “ఆ చీటీ ఎక్కడ అంటించాడో నలభై ఏళ్లుగా వెతుకుతున్నాను.”

ఆయనకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ముప్పై నాలుగేళ్లు రోడ్డు పనిలో ఉన్నాడు. మా ఊరికి దక్షిణంగా, సముద్రం వైపు పోయే దారికి అడ్డంగా రైలు వంతెన ఒకటుంది. దాని మీది బోర్డు 3.10 మీటర్లు అంటుంది. అలాంటి బోర్డులు రాసేటప్పుడు డ్రైవర్ల మీద దయతో కొంచెం తగ్గించి రాస్తారట. ఆ తరవాత రోడ్డుకు తారు మీద తారు వేశారు. వంతెన లేవలేదు, బోర్డు మారలేదు. తారు వెయ్యడం ఒక శాఖ పని, బోర్డు రాయడం ఇంకో శాఖ పని. 

“మూడూ పది అంటే మూడూ పదే. వాడేదో దయ చూపించి ఉంటాడనుకోకండి,” అనేవాడు క్లెమ్. “ఆ దయ మీద నేనే రెండుసార్లు తారు పోశాను.”

చీటీతో కూడా ఆయనకు తృప్తి ఉండేది కాదు. తక్కువ ఎత్తున్న చోటు ఏదొచ్చినా నోలీన్ కారు దిగి, ముందుకు నడిచి, వెనక్కి తిరిగి చెయ్యెత్తి నిలబడేది. ఆ చెయ్యి పైకి ఉన్నంతసేపూ బండి అంగుళం అంగుళం కదిలేది. దించితే ఆగేది. మా పార్కులో కాపురాలు కూలేది బండి నిలబెట్టే దగ్గరే. ‘ఎడమకన్నాను’, ‘ఎవరి ఎడమకి’ అంటూ అరుచుకోని జంట లేదు. ఈ ఇద్దరికీ మాత్రం ఆ చెయ్యి తప్ప మాటతో పని పడలేదు.

ఇల్లు అమ్మి ఆ కారవాన్ కొన్నారు. వాళ్లకున్నదంతా అదే.

పోయిన జనవరిలో, మాకది నడివేసవి, ఎండ నలభై నాలుగు డిగ్రీలకు ఎక్కింది. నోలీన్ ఊపిరితిత్తులు అప్పటికే సగం పని మానేశాయి. ఈ వేడిలో ఉంచితే మనిషి దక్కదని, సముద్రపు గాలికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. పోర్ట్‌లాండ్‌లో సముద్రం ఒడ్డున ఆమె చెల్లెలుంది. పెరట్లో బండి నిలుపుకోవడానికి చోటుంది. వెళ్లేలోపలా వెళ్లాకా ఊపిరాడాలి కనక, పాత ఏసీ తీయించి పెద్దది పెట్టించాడు క్లెమ్. బుధవారం మధ్యాహ్నం బిగింపు అయింది. గురువారం పొద్దున్నే ప్రయాణం.

బిగించినవాడు వెళ్లగానే క్లెమ్ నిచ్చెన పట్టుకొచ్చాడు. కింద పట్టుకోవడానికి నన్ను పిలిచాడు. నేను ఒకప్పుడు భూగోళం చెప్పినవాణ్ణి. నాకప్పగించదగ్గ పని అదొక్కటేనని ఆయన ఉద్దేశం. నిచ్చెన బండికి ఆనబోతూ ఆగి, కిటికీలోకి తొంగిచూశాడు.

“పడుకుంది, మాస్టారూ.”

“అయితే?”

“మూడు రోజులుగా కునుకు లేదు. పైన అడుగేస్తే లోపల పిడుగు పడ్డట్టుంటుంది.”

చల్లటి గాలి కింద, నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లలా నిద్రపోతోంది నోలీన్. మేమిద్దరం కాసేపు ఆమె ఊపిరి వింటూ నిలబడ్డాం. తరవాత ఆయన కొత్త ఏసీ వచ్చిన అట్టపెట్టె తిప్పి, దాని మీది అంకెలు చదివాడు.

“పాతదానికన్నా అయిదు సెంటీమీటర్లు ఎత్తు. చీటీలో మూడు మీటర్ల రెండు సెంటీమీటర్లు. అంటే ఇప్పుడు మూడు మీటర్ల ఏడు. వంతెన కింద మూడు సెంటీమీటర్లు మిగులుతాయి. చాలు.”

“అది కంపెనీవాడి లెక్క కదయ్యా,” అన్నాను. వేళాకోళానికే అన్నాను.

ఆయన నా వంక చూసి, మళ్లీ కిటికీ వంక చూశాడు.

“ఈ ఒక్కసారికి,” అన్నాడు.

నిచ్చెన నేనే తీసుకెళ్లి దాని చోట పెట్టాను. ఆ సంగతి ఎవరూ నన్ను అడగలేదు. అయినా చెబుతున్నాను.

ఆయన లెక్కలో రెండు పద్దులు జారిపోయాయి. కొత్త ఏసీ కింద వేసిన రబ్బరు మెత్త పాతదానికన్నా రెండు సెంటీమీటర్లు మందం. అట్టపెట్టెకు ఆ మెత్త సంగతి తెలీదు. చీటీలోని అంకె చలికాలంలో నీళ్లట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తీసింది. ప్రయాణానికి బరువు తగ్గాలని బుధవారం సాయంత్రం ట్యాంకు ఖాళీ చేశాడు. ఒంటి మీద బరువు దిగితే స్ప్రింగులు కూడా మనిషిలాగే నడుము ఎత్తుతాయి. మూడు సెంటీమీటర్లు ఎత్తాయి.

గురువారం ఎనిమిదింటికే ముప్పై తొమ్మిది డిగ్రీలు. చుట్టుదారిన పోతే వంతెన తప్పుతుంది గాని, నూట పది కిలోమీటర్లు ఎక్కువ. ఎండ ముదరకముందే దక్షిణానికి చేరాలని ఆయన తొందర. వంతెన దగ్గర జరిగిన మాటలు ఆయన తరవాత నాకు చెప్పినవే.

“ఆపు, దిగుతాను,” అంది నోలీన్.

“కూర్చో. బయట నిప్పులు కురుస్తున్నాయి.”

“ఇన్నేళ్లుగా దిగుతున్నాను కదయ్యా. ఇవాళ కరిగిపోతానా?”

“నాలుగడుగులు వెయ్యలేవు నువ్వు. చీటీ ఉంది, కూర్చో.”

“చీటీకి చెయ్యుందా?” అంది.

వెనక గోధుమల లారీ ఒకటి వచ్చి ఆగింది. ఒక్కసారి, మర్యాదగానే, హారన్ కొట్టింది. క్లెమ్ కదిలాడు.

వంతెన మొదటి దూలం ఏసీని పట్టుకుంది. ఏసీ కప్పును పట్టుకుంది. కప్పు రేకు సగం దాకా చీలి వెనక్కి మడతపడింది. ముందున్న గ్యాసు సిలిండరు పైపు తెగి వాసన కొట్టడంతో ఇంజిను ఆపెయ్యక తప్పలేదు. ఇంజినుతోపాటు కారులో చల్లదనమూ ఆగింది. ఆమెను ఎత్తుకుని వంతెన అవతలి నీడలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. లారీ డ్రైవరు తన టోపీతో విసురుతూనే ఉన్నాడు. అంబులెన్సుకు యాభై నిమిషాలు పట్టింది.

“ఎంత తేడా?” అని అడిగిందట నోలీన్ ఆ నీడలో.

“రెండు సెంటీమీటర్లు ఉండొచ్చు.”

“ఉండొచ్చా, ఉందా?”

ఆమె ఆయనతో ఆడిన ఆఖరి వేళాకోళం అది. ఆస్పత్రిలో తొమ్మిదో రోజున పోయింది. సముద్రం అక్కడికి మూడు వందల కిలోమీటర్లు.

డాక్టరు మంచివాడు. “ఎలాగూ కొన్ని వారాలే ఉండేదండీ,” అన్నాడు.

“ఎన్ని?” అన్నాడు క్లెమ్.

“అది చెప్పలేం.”

“చెప్పలేనిదాన్ని లెక్కలో వెయ్యకండి,” అని లేచి వచ్చేశాడు.

అంత్యక్రియలైన వారానికి, బండిని లాక్కెళ్లి పడేసిన చోటుకు వెళ్లి, విరిగిన ఏసీనీ, దాని కింది రబ్బరు మెత్తనీ, ఖాళీ ట్యాంకుతో నిలబడ్డ స్ప్రింగులనీ కొలిచాడు. 3.12 అని కొత్త చీటీ రాసి, పాతదాని పక్కన అంటించాడు. దాంతో ఎవరికీ పని లేదు. పార్కువాళ్లు ఇచ్చిన రేకుల గదిలోకి మారాడు. అయిదు గంటల కుర్చీలకు రావడం మానేశాడు.

ఏప్రిల్‌లో నాకు దక్షిణానికి పని పడింది. నా బండి పాతకాలపుది, పొట్టిది. ఎత్తు రెండూ అరవై. ఎవరు కొలిచారో వేరే చెప్పక్కర్లేదు. బయలుదేరుతుంటే క్లెమ్ వచ్చి, అడక్కుండా, కారు తలుపు తీసి పక్కసీట్లో కూర్చున్నాడు.

“వంతెన దాకా వస్తాను.”

“నాకు అర మీటరు మిగులుతుందయ్యా.”

“మీతో దిగే మనిషెవరున్నారు, మాస్టారూ?”

నేను ఒంటరివాణ్ణి. ఆ మాటే చెప్పాను.

“అందుకే,” అన్నాడు.

వంతెన దగ్గర దిగాడు. ముందుకు నడిచి, దూలానికి అవతల, ఆవిణ్ణి కూర్చోబెట్టిన చోట, వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. నేను అంగుళం అంగుళం పోనిచ్చాను. కప్పుకూ దూలానికీ మధ్య గొర్రెపిల్ల నిలబడేంత సందుంది. ఆయన మాత్రం కళ్లు చికిలించి పైకే చూస్తున్నాడు. బండి మొత్తం దాటింది. పక్కగా తీసి ఆపి, అద్దంలో చూశాను. చెయ్యి ఇంకా పైకే ఉంది.

“అయిపోయింది, క్లెమ్,” అని కేకేశాను.

“తెలుసు,” అన్నాడు. “మీరు పోండి. నేను నడిచి వెళతాను.”

నేను మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దిగలేదు.