గొర్రెలకాపరి నిలబడే తీరు

ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపే పెంచలనరసయ్య ఎప్పుడు చూసినా భుజాన గొంగళి, చంక కింద కర్ర, ఒక పాదం రెండో మోకాలికి ఆనించి అచ్చం కొంగలాగా నిలబడి ఉంటాడు. ధాతనామ సంవత్సరపు కరువులో మందంతా చచ్చిపోయింది గానీ, ఆ నిలబడటం మాత్రం పోలేదు. ఆత్మకూరులో పటాలానికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, భార్య చెంచమ్మతో నడిచి వెళ్లాడు. సిపాయి అయితే ఇద్దరికీ కూడు దొరుకుతుంది. పళ్లు చూశారు, ఛాతీ కొలిచారు, సరేనన్నారు. దొర వచ్చేదాకా ఎండలో వరసగా నిలబడమన్నారు. కాసేపటికి, తనకు తెలియకుండానే అతని కాలు పైకి లేచింది.

"ఏందిరా, కుంటోడివా? పో అవతలికి!" అన్నాడు హవల్దారు.

"కాదు సామీ, గొల్లోళ్లం. మాకట్టా అలవాటు."

"పటాలానికి కొంగలెందుకురా!"

వరసంతా నవ్వింది. దూరంగా నిలబడ్డ చెంచమ్మ అరిచింది: "ఉరికి చూపించు మావా! తోడేళ్లని తరిమినోడివి గదా!"

పెంచలనరసయ్య ఉరికాడు. సగం మైదానం దాకా బాగానే ఉరికాడు. కరువులో తుమ్మజిగురు తప్ప మరో తిండి ఎరగని కడుపు, ఆపైన సాగనివ్వలేదు. బోర్లా పడ్డాడు. "తరవాతోడు రా!" అని కేకేశాడు హవల్దారు. చెంచమ్మ వచ్చి, మొగుడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ, ఎవరూ వినకపోయినా చెబుతూనే ఉంది: "కాళ్లు బాగుండాయి సామీ... కాళ్లు బాగుండాయి."