గోదారిల వేసిన కార్డు

నా చిన్నప్పుడు మా బాపు బొగ్గుబాయిల పనిచేస్తుండె. మేం మంథని దిక్కు, గోదారి దగ్గరి క్వార్టర్లల్ల ఉంటుంటిమి. పక్కింట్ల ఒక మామ ఉండె. చుట్టం కాదు, పిలుపుకు మామ. సముద్రం దగ్గరి కాలువల దిక్కు నుంచి బాయి పనికి వచ్చిండు. పెండ్లి కాలే. ఊర్ల తల్లి ఒక్కతే ఉండె.

పొద్దుగూకినంక మామ బొగ్గుముక్కతోని మా అరుగు మీద గోదారి గీసేటోడు. మన మంథని ముందటికెళ్లి పోయే నీళ్లే కింద ఆనకట్ట కాడ ఆగి, పాయలయి, కాలువలయి, చెట్టు కొమ్మల లెక్క ఊరూరికి చీలుతయంట. ఇంటింటి ముందట నీళ్లే, దిగడానికి మెట్లే. బడికి పడవ, పెండ్లికి పడవ. లాకుల కాడ తలుపులు మూసి, నీళ్లు నింపి పడవను పైకి లేపుతరని చెప్తే, మీ దిక్కు నీళ్లకు గూడ తలుపులున్నయా తమ్మీ అని నన్ను కన్న అవ్వ నవ్వేది. ఆఖర్న ఒక సన్న గీత గీసి, ఇది మా అమ్మ బట్టలుతికే మెట్టు అని చూపేటోడు.

ఒక ఎండకాలం ఆమెకు పాణం బాగలేదని కబురొచ్చింది. మామకు సెలవు దొరకలే. నెల నిండంగనే వస్తా, బెంగపడకు అని కార్డు రాసి, డ్యూటీకి పోతూ నా చేతుల పెట్టిండు, బజార్ల పోస్టు డబ్బల వెయ్యమని.

బజారు దూరం. కాళ్లు కాలుతున్నయి. నా జతపోరగాండ్లు గోదారి ఇసుకల చెలిమెలు తోడుతున్నరు, నేను గూడ పోయిన. ఇసుక నడుమ సన్నగ పారే నీళ్లల్ల కార్డు వదిలిన. రాయికి తట్టుకొని ఆగితే పుల్లతోని నూకిన. సిరా నీలంగ కరుగుతుంటే చూసుకుంట నిలబడ్డ.

ఆ నెల నిండకముందే తల్లి పోయింది. మామ ఊరికి పోయి గుండుతోని తిరిగొచ్చిండు. పడవ వచ్చినప్పుడల్ల ఆమె మెట్ల కాడికి దిగి, మావోడి జాబు వచ్చిందా అని అడిగేదంట. అవ్వకు చెప్పుకుంట ఏడ్చి, నన్ను పిలిచి, కార్డు ఏసినవా అన్నడు. భయానికి అబద్ధమే నోట్లకొచ్చింది.

"నువ్వే చెప్తివి గదా మామా, గీ నీళ్లు మీ అమ్మ మెట్ల కాడికే పోతయని. గందుకే గోదారిల ఏసిన."

బాపు నా మీదికి చెయ్యి లేపిండు. మామ ఆ చెయ్యి పట్టుకున్నడు.

"కొట్టకండి బావా. తప్పు నాదే. నీళ్లు చేరతాయని చెప్పాను గానీ, కాగితం చేరదని చెప్పలేదు."

తెల్లారి బకెట్‌తోని నీళ్లు తెచ్చి, అరుగు మీది గోదారిని తనే కడిగిండు. మళ్ల ఎన్నడు కాలువల ముచ్చట ఎత్తలే. పసిది, ఎరుకలేక ఏసింది అని వాడకట్టంత అన్నరు.

ఇప్పటికి ఎవలన్న ఒక శుభలేఖ చేతులవెట్టి ఫలానోళ్లకు ఇయ్యమంటే, అది ఇచ్చినంకనే మంచినీళ్లు తాగుత. అత్తమ్మకు ఎంత పట్టింపో అని కోడండ్లు మెచ్చుకుంటరు. నాకు తల ఎత్తబుద్ధి కాదు.

నేను చెప్తుంటే మనవరాలు రాస్తున్నది గనుక గిది గూడ రాయమంటున్న. కాగితం నానుతదని నాకు ఆనాడే ఎరుక. నడువబుద్ధి కాక ఏసిన. చచ్చిపోయిన మా పెనిమిటికి గూడ చెప్పలే. మామకు చెప్పాల్సిన మాట, మామకే చెప్పలే. ఆ తప్పు తనదే అనుకొని మామ కాలం చేసిండు.